మంచం కడ్డీకి తగిలించిన ట్యూబు

మా ఎమర్జెన్సీ విభాగంలో ఆవిడని అందరూ 'మళ్ళీ సిస్టర్' అంటారు. ఎదురుగా కాదు, చాటున. ఎదురుగా అనే ధైర్యం పెద్ద డాక్టరుకి కూడా లేదు. పని నేర్పేటప్పుడు ఎవరు ఎంత బాగా చేసినా ఆవిడ నోటి నుంచి వచ్చే మాట ఒకటే, "మళ్ళీ". బాగా చేస్తే చిన్నగా అంటుంది. చెడగొడితే ఇంకా చిన్నగా అంటుంది. ఆ రెండోదానికే నర్సు పిల్లలు వణుకుతారు.

నేను అదే విభాగంలో స్టోర్ కీపర్ని. దూది నుంచి గుండెకి షాకిచ్చే మిషను సరంజామా దాకా అన్నీ నా తాళం కిందే ఉంటాయి. నన్ను తాళం బాబాయ్ అంటారు, అది మాత్రం ఎదురుగానే అంటారు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడని చూస్తున్నాను. ఆవిడ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకపోతే కడుపుబ్బరం తగ్గేలా లేదు కాబట్టి రాస్తున్నాను. మొదలుపెట్టినప్పుడు ఇందులో నా గొప్ప కూడా కాస్త ఉంటుందనుకున్నాను. రాస్తూ పోతే అదెక్కడా కనిపించలేదు.

ఆవిడకి యాభై దగ్గర పడ్డాయి. మనిషి పొట్టి, అంగలు మాత్రం పొడుగు. ఆవిడతో మాట్లాడుతూ వరండా దాటాలంటే మనం పరిగెత్తాలి. మా విభాగానికి వచ్చిన కొత్తలో మిగతా నర్సుల్లాంటి నర్సే. తేడా ఎక్కడ వచ్చిందంటే, చదువు అయిపోయిందన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఏడాదికోసారి సెలవు పెట్టి, ఎక్కడో ఒకచోట ఏదో ఒక కోర్సుకి వెళ్ళి వచ్చేది. ఒక ఏడు కాలిన గాయాలు, ఒక ఏడు విషాలు, ఇంకో ఏడు పసిపిల్లల ఊపిరి. మేమంతా సెలవు పెట్టేది పెళ్ళిళ్ళకి. ఆవిడ సెలవు పెట్టిందంటే ఎక్కడో రబ్బరు పాపాయి నోట్లో గాలి ఊదుతోందన్నమాట.

గుండె గీతల కాగితాలు చదవడం నేర్చుకునే రోజుల్లో ఆ చీటీలు బస్సులో కూడా తిరగేసేది. పక్కన కూర్చున్నావిడ అవి ఎంబ్రాయిడరీ డిజైన్లనుకుని ఒకటి ఇవ్వమని అడిగిందట.

"ఇచ్చావా?" అన్నాను.

"ఇచ్చాను అన్నయ్యా. కాకపోతే ఇది మాత్రం కుట్టకండి, ఈయన గుండె ఏమీ బాగోలేదు అని చెప్పి, పక్క కాగితం ఇచ్చాను."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ఆవిడ సాధన అంతా ఇంట్లోనే. భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సెకన్లు లెక్కపెట్టే బాపతే. ఇక రోగి, ఆవిడ అత్తగారు. ఒకసారి ఏదో పనిమీద వాళ్ళింటికి వెళ్తే, ఆ పెద్దావిడ మెడకి అట్టపట్టీ, చేతికి బద్దకట్టు, తలకి గుడ్డకట్టుతో సోఫాలో కూర్చుని పేపరు చదువుకుంటోంది.

"ఏమైందండీ?" అన్నాను.

"ఇవాళ మేడ మీంచి పడ్డాను బాబూ," అంది పేపరు మడుస్తూ. "పోయిన వారం పాము కరిచింది. అంతకుముందు వారం రెండుసార్లు స్పృహ తప్పాను."

"మరి ఎలా తట్టుకుంటున్నారండీ?"

"మా కోడలు పోనిస్తేగా. ఒక్కసారి మాత్రం నన్ను బతికించడంలో కాస్త ఆలస్యం చేసింది. కాఫీ చల్లారిపోయింది. ఆ రోజు గట్టిగా కోప్పడ్డాను."

ఇలాంటి మనిషి చేతికి నర్సులకి తర్ఫీదు ఇచ్చే పని రావడంలో వింత లేదు. పదేళ్ళ కిందట వచ్చింది. బుధవారం మధ్యాహ్నం రెండింటికి పొద్దుటి వాళ్ళు దిగుతారు, మధ్యాహ్నం వాళ్ళు ఎక్కుతారు. నలభై నిమిషాలపాటు రెండు షిఫ్టుల వాళ్ళూ ఒకేచోట ఉంటారు. అంతకుముందు ఆ నలభై నిమిషాలూ కబుర్లకి పోయేవి. ఆవిడ వాటిని పట్టుకుంది. ఎమర్జెన్సీ పని ఒకసారి నేర్చుకుంటే అయిపోయేది కాదనీ, నెల రోజులు చెయ్యకపోతే చేతులు మర్చిపోతాయనీ ఆవిడ నమ్మకం. నర్సులు మొదట్లో సణిగారు. ఏడాది తిరిగేసరికి, బుధవారం సెలవు పడితే వేరే వాళ్ళతో షిఫ్టు మార్చుకుని మరీ వచ్చేవాళ్ళు.

క్లాసు జరిగేది నా స్టోరు వెనక ఉన్న పాత కట్టుగదిలో. ఒకప్పుడు విరిగిన కాళ్ళకీ చేతులకీ అక్కడే పిండికట్లు వేసేవాళ్ళు. ఒక ఇనప మంచం, ఒక బల్ల, మూతపడని కిటికీ. మంచం మీద మనిషంత రబ్బరు బొమ్మ. దానికి ఎడమ చెయ్యి లేదు, ముక్కు అరిగిపోయింది. నర్సులు దాన్ని బావగారు అంటారు. "బావగారికి ఊపిరాడట్లేదు" అని ఆవిడ ఒక్క కేక వేస్తే పదకొండు మందీ మరదళ్ళలా వచ్చి మీద పడేవాళ్ళు.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే కథంతా దీని మీదే ఉంది. అసలు వార్డులో ప్రతి మంచం వెనకా గోడలోంచి ఆక్సిజన్ వస్తుంది. మాస్కు ట్యూబు కొస అక్కడ తగిలించి, మర తిప్పాలి. కట్టుగదిలో గోడకి ఆ ఏర్పాటు లేదు. అందుకని మాస్కు బావగారి మొహానికి పెట్టి, ట్యూబు రెండో కొస నేలకి తగలకుండా మంచం కడ్డీకి చుట్టి తగిలించి, "ఆక్సిజన్ పెట్టాను అనుకుందాం" అనేవాళ్ళు. మందు సీసా ఖాళీది. "ఇంజెక్షన్ ఇచ్చాను అనుకుందాం." షాకు మిషను పాడైపోయిన పాతది. దాని ప్యాడ్లు, అంటే ఛాతీకి అంటించే జిగురు బిళ్ళలు, ఎప్పుడో వాడేసినవి. వాటి వైరు మిషనుకి ఎప్పుడూ గుచ్చే ఉండేది. "షాకు ఇచ్చాను అనుకుందాం."

ఆ అనుకుందాంలన్నిటికీ మూలపురుషుణ్ణి నేనే.

మొదటిసారి ఆవిడ అడిగినప్పుడు, "అన్నయ్యా, సీలు తియ్యని మాస్కులు నాలుగివ్వు. పిల్లలు కవరు చింపడం దగ్గర్నుంచి నేర్చుకోవాలి" అంది.

"చింపడం కూడా నేర్పాలా అమ్మా? అది పుట్టగానే వస్తుంది అందరికీ" అన్నాను. నవ్వి వెళ్ళిపోయింది.

రెండోసారి అడిగితే, "రబ్బరు బొమ్మకి కొత్త మాస్కు దేనికి, దానికేమన్నా ఊపిరుందా?" అన్నాను. మూడోసారి నా జవాబు నాకే గుర్తు లేదు. ఆవిడ నవ్వలేదని మాత్రం గుర్తుంది. ఆ తర్వాత అడగడం మానేసింది. ఉన్నదానితోనే నేర్పుకుంది. అడగడం మానెయ్యడం తన తప్పని తర్వాత ఆవిడే అంది. ఆ మాట నేను అంటే బాగుండదు.

ఈ ఏడాది కొత్తగా చేరిన వాళ్ళలో ఒక పొడుగమ్మాయి ఉంది. సెలైన్ సీసా తగిలించాలంటే మిగతావాళ్ళు మునివేళ్ళ మీద లేస్తారు, ఈ అమ్మాయి కొంచెం వంగుతుంది. వాళ్ళ ఇంట్లో ఉద్యోగం చేసిన మొదటి మనిషి. చేరిన ఆరు నెలలు పరీక్షాకాలం. అది సవ్యంగా గడిస్తేనే ఉద్యోగం ఖాయమవుతుంది. ఐదు నెలలు దాటింది, ఇంకా మూడు వారాలుంది. బుధవారం క్లాసులో ఆ అమ్మాయే ఫస్టు. బావగారిని కూర్చోబెట్టి, క్లిప్పు పెట్టి, మాస్కు పెట్టి, టైము చెప్పడం అంతా కలిపి నలభై సెకన్లు దాటనిచ్చేది కాదు. మళ్ళీ సిస్టర్ నోట "మళ్ళీ" కాకుండా "ఊ" అనే మాట వచ్చింది ఆ అమ్మాయి విషయంలోనే.

ఒక సోమవారం పొద్దున్న పదకొండింటికి, గోడలకి రంగులేసే ఒకాయన్ని భార్య ఆటోలో తీసుకొచ్చింది. ఆయాసం. మాట రావట్లేదు, పెదాలు నల్లబడుతున్నాయి. వేళ్ళనిండా ఎండిన నీలం రంగు. పొడుగమ్మాయి ముందుకొచ్చింది. మంచం తలవైపు ఎత్తింది. వేళ్ళకి రంగుంటే ఆక్సిజన్ కొలిచే క్లిప్పు సరిగ్గా చదవదని, దాన్ని చెవికి పెట్టింది. ఆ సంగతి ఇరవయ్యేళ్ళ సర్వీసున్న వాళ్ళకి కూడా చప్పున తట్టదు. మాస్కు పెట్టింది, పట్టీ సర్దింది, "ఆక్సిజన్ పెట్టాను, టైము పదకొండూ నాలుగు" అని గట్టిగా చెప్పింది.

మానిటర్ మీద ఎనభయ్యారు. అది తొంభై దాటి పైకి రావాలి. రాలేదు. ఎనభై నాలుగైంది, ఎనభై ఒకటైంది. డ్యూటీ డాక్టరు సూది మందు ఇప్పించాడు. డెబ్భై తొమ్మిది. ఇక లాభం లేదు, గొంతులోకి గొట్టం వేసి ఊపిరి మిషను మీద పెట్టాలి, సెట్టు పట్రమ్మని స్టోరుకి కబురంపాడు. సెట్టు పట్టుకుని నేనే పరిగెత్తాను. పక్క గదిలో ఒక పిల్లాడి తలకి కుట్లు వేయించి మళ్ళీ సిస్టర్ కూడా అప్పుడే లోపలికి వచ్చింది.

అందరూ మానిటర్నే చూస్తున్నారు. ఆవిడ దాని వైపు చూడలేదు. మాస్కు కింద వేలాడే ప్లాస్టిక్ సంచిని చూసింది. ఆక్సిజన్ వస్తుంటే ఆ సంచి గాలితో నిండుగా ఉండాలి. అది చప్పబడి, ముడతలు పడి ఉంది. కట్టుగదిలో బావగారి సంచి పదేళ్ళుగా అలాగే ఉంటుంది కాబట్టి, చప్పబడ్డ సంచి అక్కడున్న ఎవరి కంటికీ తేడాగా అనిపించలేదు. ఆవిడ రెండు వేళ్ళతో ట్యూబు పట్టుకుని, మాస్కు దగ్గర్నుంచి వేళ్ళు జరుపుకుంటూ వెళ్ళింది. రెండో కొస మంచం కడ్డీకి ఉంది. చక్కగా, నేలకి తగలకుండా, రెండు చుట్లు చుట్టి ఉంది.

ఆవిడ దాన్ని విప్పి, గోడకి తగిలించి, మర తిప్పింది. బుస్సుమని చప్పుడు. సంచి నిండింది.

"ఒక్క నిమిషం ఆగండి డాక్టర్" అంది.

ఎనభై మూడు. ఎనభై తొమ్మిది. తొంభై నాలుగు. డాక్టరు చేతిలో గొట్టం కిందపెట్టాడు. నేను తెచ్చిన సెట్టు సీలు తియ్యకుండానే నా చేతిలో ఉండిపోయింది. గోడ గడియారం పదకొండూ ఎనిమిది చూపిస్తోంది. నాలుగు నిమిషాలు.

పొడుగమ్మాయి నా స్టోరుకి వచ్చి దూది పెట్టె మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు నయంగా ఉండేది.

"నేను తగిలించాను బాబాయ్" అంది. "నా చేత్తో తగిలించినట్టు నాకు గుర్తుంది."

తగిలించింది నిజమే. ఎక్కడ తగిలించిందన్నదే గొడవ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను లేచి అలమరా తాళం ఒకసారి లాగి చూసుకున్నాను.

మధ్యాహ్నానికి ఆ వార్త క్యాంటీన్ దాకా పోయింది. గోరంత కొండంత అవడానికి మా ఆస్పత్రిలో గంట చాలు. మర్నాటికి, ఆ పిల్లకి ఆక్సిజన్ పెట్టడమే రాదట అన్నారు. నర్సింగ్ సూపరింటెండెంటు, మేం పెద్ద మేడమ్ అంటాం, కాగితం పంపింది: ఏం జరిగిందో రాసివ్వాలి, పరీక్షాకాలం ముగిసేలోగా నిర్ణయం ఉంటుంది. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. ఇలాంటి కాగితం అందుకున్న వాళ్ళెవరూ ఏడో నెల జీతం తీసుకోలేదు.

ఈలోగా, అంటే సోమవారం సాయంత్రమే, మళ్ళీ సిస్టర్ ఒక పని చేసింది. ఆ పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చెయ్యొద్దని చెప్పినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. వార్డులో రంగులాయన మంచం దగ్గరికి వెళ్ళి, ఆయన భార్య పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. దుప్పట్లు ఇవ్వడానికి వెళ్ళి నేను అక్కడే ఉన్నాను.

"అమ్మా, పొద్దున్న మీ ఆయనకి మాస్కు పెట్టాక నాలుగు నిమిషాలు ఆక్సిజన్ రాలేదు. ట్యూబు గోడకి తగిలించలేదు. అది పెట్టిన అమ్మాయికి పని నేర్పింది నేను. తప్పు నా నేర్పడంలో ఉంది. ఇప్పుడు మీ ఆయనకి ప్రమాదం లేదు. అయినా ఈ సంగతి మీకు తెలియాలి."

ఆ ఇల్లాలు మొగుడి చేతివేళ్ళ మీది రంగు గోటితో గీకుతూ కూర్చుంది.

"మీరు చెప్పారు కాబట్టి తెలిసింది," అంది చివరికి. "నాకు కోపంగానే ఉంది. లేదని అబద్ధం చెప్పను."

"ఉండాలమ్మా" అంది మళ్ళీ సిస్టర్.

"ఆ పొడుగమ్మాయే కదా? పొద్దున్న నుంచి నాలుగుసార్లు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయింది. లోపలికి రమ్మనండి. గుమ్మంలో నిలబడితే నాకు భయంగా ఉంటుంది, ఇంకా ఏమైనా ఉందేమోనని."

ఆ మాటకి మళ్ళీ సిస్టర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పంతొమ్మిదేళ్ళలో నేను చూడటం అదే మొదలు. వెంటనే లేచి అంగలేసుకుంటూ వెళ్ళి, ఆ అమ్మాయిని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

పెద్ద మేడమ్ దగ్గర ఆవిడ అడిగింది ఒకటే, ఎనిమిది రోజుల గడువు. "వచ్చే బుధవారం రెండింటికి మీరు వార్డుకి రండి మేడమ్. చూశాక ఏం రాసినా సరే." తర్వాతి మంగళవారం నా స్టోరుకి వచ్చింది.

"అన్నయ్యా, షాకు మిషను ప్యాడ్లు పన్నెండు జతలు కావాలి. సీలు తియ్యనివి."

నేను స్టూలెక్కాను. పై అరలో, వచ్చే నెలతో గడువు తీరిపోయే పెట్టె ఒకటుంది. అలాంటివి ఏటా చెత్తలోకే పోతాయి. చెత్తలో వెయ్యడానికి లేని నొప్పి, ఆ పిల్లలకి ఇవ్వడానికి ఎందుకొచ్చిందో నాకిప్పటికీ తెలియదు. పెట్టె దింపి ఆవిడ చేతికిచ్చాను. అందులో పన్నెండే ఉన్నాయి.

"పదకొండు మందికి పన్నెండెందుకు?" అన్నాను.

"మొన్న ఆదివారం ఒకటి వార్డులోంచి తీసి నేను చేసి చూశాను. దాని బదులు అక్కడ పెట్టాలి."

బుధవారం బావగారిని వార్డుకి మొయ్యడం నా వంతైంది. భుజాన వేసుకుని వరండాలో వెళ్తుంటే, బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి నిలబడి, "అయ్యో, ఎవరండీ?" అన్నాడు.

"మా బావగారండీ."

"ఇంకా ఆశ ఉందా?"

"ఉందండీ. ఇవాళ పదకొండు మంది చూడబోతున్నారు" అన్నాను. ఆయన దణ్ణం పెట్టుకున్నాడు.

వార్డులో మూడో నంబరు మంచం ఖాళీగా ఉంది. దాని మీద బావగారు, పక్కన నిజం షాకు మిషను. మంచం చుట్టూ తెర. పెద్ద మేడమ్ తెర లోపల కుర్చీలో కూర్చుంది. నర్సుల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలవాలని ఏర్పాటు.

"ఆక్సిజన్ ట్యూబు సంగతి ఇప్పుడందరికీ తెలుసు మేడమ్, దాంతో పరీక్ష పెడితే లాభం లేదు," అంది మళ్ళీ సిస్టర్. "రోజూ చెయ్యని పని ఒకటి చూద్దాం. బావగారి గుండె ఆగింది. షాకివ్వాలి."

మొదట వచ్చినావిడకి పదహారేళ్ళ సర్వీసు. ప్యాడ్ల కవరు అందుకుంది. అది ఎక్కడ చింపాలో తెలియక అటూ ఇటూ తిప్పి, ఆఖరికి పళ్ళతో లాగింది. ప్యాడ్లు సరిగ్గా చోటు చూసి అంటించింది. "అందరూ దూరం జరగండి" అని గట్టిగా చెప్పింది. మీట నొక్కింది. మిషను కీచుమంది తప్ప షాకు రాలేదు. మళ్ళీ నొక్కింది. ప్యాడ్ల వైరు మిషనుకి గుచ్చలేదు. మంచం పక్కన వేలాడుతోంది. కట్టుగదిలో అది ఎప్పుడూ గుచ్చే ఉంటుంది కదా.

రెండో ఆవిడా అంతే. మూడో ఆవిడ గుచ్చింది. నాలుగు, ఐదు, ఆరు, వాళ్ళూ గుచ్చలేదు. పదకొండు మందిలో ఎనిమిది మంది గుచ్చలేదు. ఒక్కొక్కరూ ఎంత వేగంగా, ఎంత అందంగా చేశారో చెప్పలేను. గట్టు మీద ఈత నేర్చుకున్న వాళ్ళకి చేతులాడించడం భేషుగ్గా వస్తుంది. తెర వెనక, సందులోంచి చూస్తూ నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

అందరూ వెళ్ళాక పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"సిస్టర్, పదేళ్ళుగా వీళ్ళకి ఇది నేర్పింది మీరే కదా?"

"నేనే మేడమ్."

"అంటే ఇది మీ మీదికే వస్తుంది."

"నా మీదికే రావాలి. ఆదివారం నేనొక్కదాన్నే ఇక్కడ నిలబడి చేసి చూశాను. నేనూ వైరు గుచ్చలేదు. ఇరవై మూడేళ్ళ సర్వీసు నాది." ఆవిడ వేరే ఎవరి నాడి సంగతో చెప్తున్నట్టు చెప్పింది. "ఆ అమ్మాయి నేర్చుకోక తప్పు చెయ్యలేదు మేడమ్. నేను నేర్పింది నేర్పినట్టు చేసింది. అందరికన్నా బాగా నేర్చుకుంది, అందుకే అందరికన్నా ముందు దొరికింది. ఆ అమ్మాయిని పంపిస్తే మనకి మిగిలేది ఇంకా దొరకని పది మంది."

"అయితే నన్నేం చెయ్యమంటారు?"

"ఇక నుంచి క్లాసు వార్డులోనే, ఏ మంచం ఖాళీగా ఉంటే ఆ మంచం దగ్గర. సీలున్న సామాను. అనుకుందాం అనే మాట ఎవరూ అనకూడదు, నాతో సహా. ఆ అమ్మాయి ఉద్యోగం ఖాయం చెయ్యండి. వచ్చే బుధవారం క్లాసు ఆ అమ్మాయే చెప్తుంది."

"సామాను ఎక్కణ్ణుంచి వస్తుంది?"

నేను తెర తప్పించి లోపలికి వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు. "గడువు నెల రోజులుందనగా ప్రతి పెట్టెనీ క్లాసుకి పంపిస్తాను మేడమ్," అన్నాను. "మొదట్లోనే సిస్టర్ మూడుసార్లు అడిగారు. ఇవ్వంది నేను. రాసేటప్పుడు నా పేరు కూడా రాయండి."

పెద్ద మేడమ్ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీ సంగతి వేరే మాట్లాడతాను" అంది. మాట్లాడింది కూడా. అది నా చెవులకి సరిపడా ఉంది, ఇక్కడ రాయను. పొడుగమ్మాయి కాగితం మీద మాత్రం శుక్రవారం సంతకం పెట్టింది. అది ఖాయం చేసిన సంతకమే.

తర్వాతి బుధవారం ఐదో నంబరు మంచం ఖాళీ దొరికింది. పొడుగమ్మాయి ముందు నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంది. గొంతు మొదట్లో పీలగా వచ్చింది, నాలుగు మాటలు అయ్యేసరికి నిలబడింది.

"నేను ఒకాయనకి మాస్కు పెట్టి ట్యూబు మంచం కడ్డీకి తగిలించాను. నాలుగు నిమిషాలు చూసుకోలేదు. ఆ నాలుగు నిమిషాలూ ఆయనకి ఎలా ఉందో నాకు తెలియదు, అందుకని నిన్న నేను పెట్టుకుని చూశాను. ఇవాళ మీరందరూ చూడాలి. సీలు తీసి ఎవరి మాస్కు వాళ్ళు పెట్టుకోండి. ట్యూబు ముందు కడ్డీకి. నేను సెకన్లు లెక్కపెడతాను. తర్వాత గోడకి."

ఒక్కొక్కరే వచ్చి మంచం మీద కూర్చుంటున్నారు. మాస్కుల పెట్టె తెచ్చిన నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. నాలుగో మనిషి అయ్యాక ఆ అమ్మాయి నా వైపు చూసింది.

"బాబాయ్, మీరు కూడా రండి."

పంతొమ్మిదేళ్ళలో ఎన్ని వేల మాస్కులు నా చేతుల మీదుగా వెళ్ళాయో చెప్పలేను. ఒక్కటి కూడా నా మొహానికి పెట్టుకోలేదు. మంచం మీద కూర్చుని, కవరు చింపాను. అదేమీ పుట్టగానే వచ్చే విద్య కాదు, మూడుసార్లు జారింది. మాస్కు పెట్టుకుని పట్టీ బిగించాను. ట్యూబు కడ్డీకి ఉంది. ఆ అమ్మాయి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఐదు దాటేసరికి సంచి అతుక్కుపోయింది. తొమ్మిదికి ప్లాస్టిక్ వాసన, చెమట, నా ఊపిరి నాకే వేడిగా తిరిగొస్తోంది. పదిహేను దగ్గర నా చెయ్యి నన్నడక్కుండానే లేచి మాస్కు లాగేసింది. నేను ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి, పక్కనే కిటికీ ఉంది, అది ఉత్తుత్తిదని తెలుసు. ఆ రంగులాయన రెండు వందల నలభై లెక్కపెట్టేదాకా ఉంచుకున్నాడు, లాగేసే ఓపిక లేక.

ట్యూబు గోడకి తగిలించి, మర తిప్పి, మాస్కు మళ్ళీ నా మొహానికి పెట్టింది పొడుగమ్మాయే. చల్లటి గాలి ముక్కు మీదికి, బుగ్గల మీదికి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి మాస్కు ఉంది కాబట్టి కానిచ్చాను.

"తరవాత ఎవరు?" అంది ఆ అమ్మాయి.

నేను మంచం దిగి చూశాను. కొత్తగా చేరిన ఇద్దరు పిల్లల వెనక, చేతిలో సీలు తియ్యని మాస్కు పట్టుకుని, మళ్ళీ సిస్టర్ తన వంతు కోసం నిలబడి ఉంది.